పంజగుట్ట దారిలో మిలిటరీ సామాన్ల కొట్టు

అమీర్‌పేటలో నా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు పూర్తయిన నెలకే ఉద్యోగాలు ఆగిపోయాయి. అమెరికాలో ఏదో పడిపోయిందట, అందుకని ఇక్కడ కంపెనీలు ఎవరినీ తీసుకోవడం లేదట. మా బ్యాచ్‌లో సగం మంది ఊళ్ళకు వెళ్ళిపోయారు. నేను వెళ్ళలేదు. కాకినాడ వెళ్తే మా ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనరు. ఆ అనకపోవడమే నాకు భయం.

పొద్దున్నే తల దువ్వుకుని, ఇస్త్రీ చుడీదార్ వేసుకుని, ఫైలు పట్టుకుని హాస్టల్ నుంచి బయటపడేదాన్ని. చూసేవాళ్ళకు ఇంటర్వ్యూకి వెళ్తున్నట్టే ఉండేది. నిజానికి అమీర్‌పేట నుంచి పంజగుట్ట దాకా నడిచి, మళ్ళీ వెనక్కి నడిచేదాన్ని. కంప్యూటర్ కోర్సుల కరపత్రాలు పంచేవాళ్ళు నా ముఖం గుర్తుపట్టి, నాకు ఇవ్వడం మానేశారు. ఆ నెలలన్నీ ఇప్పుడు తలచుకుంటే తడిసిన అద్దంలోంచి చూసినట్టుంటాయి. బస్సులు కదులుతుంటాయి, మనుషులు మాట్లాడుతుంటారు, చప్పుడు మాత్రం ఎక్కడో దూరాన ఉంటుంది.

ఒక రోజు నా సంచి పట్టీ తెగింది. పంజగుట్ట చౌరస్తా ఇంకా కొంచెం దూరం ఉందనగా ఒక సందులో, గుమ్మానికి ఆకుపచ్చ సంచులు వేలాడుతున్న కొట్టు కనిపించింది. లోపలికి వెళ్తే కాన్వాసు, బూట్ పాలిష్, పాత ఉన్ని కలిసిన వాసన. కప్పు దాకా కంబళ్ళు, బూట్లు, ఉన్ని గుడ్డ చుట్టిన నీళ్ళ సీసాలు, వానకోట్లు, అల్యూమినియం తిండి గిన్నెలు. అన్నీ ఒకే ఆకుపచ్చ, ఒకే ఖాకీ. ఎండ గుమ్మం దగ్గరే ఆగిపోయేది. లోపల ఎప్పుడూ సాయంత్రంలా ఉండేది.

కొట్టాయన అరవై దాటిన మనిషి. సైన్యంలో చేసి వచ్చారు. వరంగల్ వైపు మాట. నా సంచి తీసుకుని, పట్టీకి దబ్బనంతో నాలుగు కుట్లు వేశారు. డబ్బులివ్వబోతే వద్దన్నారు.

"గీ కత్తి మీద తుప్పుందా, జర సూసి చెప్పు బిడ్డా. నా కండ్లల్ల శుక్లాలు. ఆపరేషన్ చెయ్యాలన్నరు."

చేతిలో పెట్టింది సైనికుల మడత కత్తి. ఒక పక్క పొట్టి బ్లేడు, దాని పక్కనే డబ్బాలు తెరిచే కొక్కెం, వీపు మీద తాడు ముడులు విప్పే లావుపాటి సూది. నల్లటి పిడి నిండా జారకుండా చెక్కిన గళ్ళు. నేను అంతవరకూ కూరగాయల కత్తి తప్ప మరో కత్తి పట్టుకోలేదు. బ్లేడు మొదట్లో ఆవగింజంత తుప్పుందని చెప్పాను.

"గట్లనా. మరి కూసో. తీసేద్దాం."

అలా కూర్చున్నదాన్ని ఐదు నెలలు కూర్చున్నాను. సాన రాయి మీద మిషన్ నూనె రెండు చుక్కలు వేయడం, కత్తి వీపును రూపాయి బిళ్ళంత ఎత్తున ఉంచడం, తొందర పడకపోవడం నేర్పారు. పదును వచ్చిందో లేదో వేలితో కాదు, వార్తాపత్రిక అంచు కోసి చూడాలన్నారు. రాయి మీద కత్తి చేసే ఆ సన్నని చప్పుడు వింటుంటే ఉద్యోగం సంగతి, ఊరి సంగతి, నా సంగతి కూడా మర్చిపోయేదాన్ని. ఆయన్ని బాబాయిగారూ అని పిలిచేదాన్ని. మొదట్లో నవ్వారు. "బాబాయి అంటరా మీ దిక్కు? మంచిగనే ఉంది."

పదునుకన్నా పెద్ద విద్య మరొకటి నేర్పారు. వస్తువును చూసి, దాన్ని వాడిన మనిషిని పోల్చుకోవడం. ఎడమ బూటు మడమ ఎక్కువ అరిగితే ఆ మనిషి కుంటుతూ నడిచాడని. బెల్టు మీద రెండు చిల్లులు సాగి ఉంటే ఒకప్పుడు లావుండి తర్వాత చిక్కాడని. మడత కత్తి అయితే మూడు భాగాల్లో ఏది ఎక్కువ అరిగిందో చూస్తే చాలట.

ఆదివారాలు సేకరణ పిచ్చి ఉన్నవాళ్ళు వచ్చేవారు. వాళ్ళలో శ్రీనగర్ కాలనీ ఆయన ఒకరు. సినిమాలకు సామాను సమకూర్చే పని ఆయనది. ఇంట్లో మాత్రం సొంతానికి ఒక గది నిండా కత్తులే అని చెప్పుకునేవారు. యుద్ధం చూసిన కత్తి కావాలని ఆయన కోరిక. ప్రతి కత్తినీ వెలుగులోకి పట్టి, "ఇది ఫ్రంట్‌కి వెళ్ళిందంటారా?" అని అడిగేవారు. "ఏమో సారు" అనేవారు బాబాయిగారు. ఎప్పుడూ అవునని అనలేదు.

ఆషాఢం మొదట్లో, సన్నగా తుంపర పడుతున్న ఒక ఆదివారం, బల్కంపేట నుంచి ఒకామె ఆటోలో నల్ల ట్రంకుపెట్టె తెచ్చింది. భర్త పోయి ఏడాది దాటిందట. సైన్యం నుంచి వచ్చాక సోమాజిగూడలో ఒక ఆఫీసు ముందు కాపలా ఉద్యోగం చేశాడట. కొడుకు చిన్న ఇంటికి మారుతున్నాడు, పెట్టెకు చోటు లేదు.

"అమ్ముదామని తెచ్చిన అన్నా. మంచిగ వాడుకునేటోళ్ళకు ఇయ్యి" అంది బాబాయిగారితో.

పెట్టెలో ఉన్ని కోటు, కంబళి, నీళ్ళ సీసా. అడుగున గుడ్డలో చుట్టిన మడత కత్తి. శ్రీనగర్ కాలనీ ఆయన అప్పటికే కొట్లో ఉన్నారు. కత్తిని చూడగానే ఆయన కళ్ళు వెలిగాయి.

"మీ ఆయన ఎక్కడ చేశారమ్మా?"

"మంచు కొండల మీద సారు. లడాయిల సుత ఉన్నడు. 'నా చేతి కింద నూరు మంది ఉండిరి, నేను లేకుంటే ఒక్కడు బతకకపోవు' అని పిల్లలకు మస్తు చెప్తుండె."

"పెట్టె మొత్తం నేను తీసుకుంటాను. ఎంతైనా పర్వాలేదు" అన్నారాయన.

బాబాయిగారు కత్తిని అలవాటుగా నాకిచ్చారు. "జర సూడు బిడ్డా."

నేను గుమ్మం దగ్గరికి వెళ్ళి తెరిచాను. తాడు సూది మీద కొత్తప్పటి నల్ల పూత చెక్కుచెదరలేదు. కొక్కెం మాత్రం అరిగి అరిగి వెండిలా మెరుస్తోంది. వందల డబ్బాలు తెరిస్తే గాని అలా కాదు. బ్లేడు మధ్యలో లోపలికి వంగేంతగా సాన పట్టారు. పిడి గళ్ళ మధ్య ఏదో ఉంది. గోటితో గీరాను. పసుపు. ముక్కు దగ్గర పెట్టుకుంటే, అన్నేళ్ళ తర్వాత కూడా, మా వంటింటి డబ్బా మూత తీసినట్టు వాసన.

అప్పుడు నాకు వచ్చిన సంతోషం లెక్క సరిపోయినప్పుడు పిల్లలకు వచ్చే సంతోషం. నోరు మూసుకోలేకపోయాను.

"బాబాయిగారూ, ఇది వంటాయన కత్తండీ! పిడి నిండా పసుపే!"

అన్నాక గాని నేనేం అన్నానో నాకు తెలియలేదు. కొట్లో అందరూ నావైపు చూశారు. బాబాయిగారు తల వంచుకున్నారు. ఆయనకు పెట్టె తెరిచినప్పుడే తెలిసిపోయిందని, ఆ కోటు మీది నూనె మరకలు చేత్తో తడిమినప్పుడే తెలిసిందని, తర్వాత చెప్పారు. శ్రీనగర్ కాలనీ ఆయన కత్తి వైపు చూసి, గడియారం వైపు చూసుకున్నారు. ఆమె మాత్రం నా దగ్గరికి వచ్చింది.

"ఏమంటివి బిడ్డా?"

"ఏం లేదమ్మా, నాకేం తెలుసు, ఊరికే..."

"గట్ల కాదు. చెప్పు."

చెప్పాను. కొక్కెం చూపించాను, పసుపు చూపించాను. ఆమె కత్తి తీసుకుని బొటనవేలితో పిడి గళ్ళను తడిమింది.

"ఇంట్ల ఏనాడు పొయ్యి దిక్కు రాలే" అంది. "ఒక్కసారి నాకు జరం వచ్చి లేవకుంటైన. గప్పుడు పప్పు వండిండు. గంజు నిండ వండిండు అన్నా! గంత ఎవరు తింటరని లొల్లి జేసిన. గల్లీ గల్లీ అంత వచ్చి తిన్నరు. గసోంటి పప్పు నేను ఎన్నడు తినలే. ఎట్ల నేర్చినవంటే, నవ్విండు గని చెప్పలే."

ఆ మాట అంటూనే నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేలా నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో మాలో ఎవరికీ తెలియలేదు. బాబాయిగారు స్టూలు జరిపి కూర్చోబెట్టారు, నీళ్ళిచ్చారు.

"అబద్ధం చెప్పలే చెల్లె ఆయన" అన్నారు మెల్లగా. "నూరు మంది ఆయన చేతి కిందనే బతికిన్రు. మంచు మీద పొయ్యి ఆరకుంట సూసుడంటే ఏమనుకుంటున్నవ్?"

శ్రీనగర్ కాలనీ ఆయన కోటు, కంబళి, నీళ్ళ సీసా సినిమా పనికని మంచి ధరకే తీసుకున్నారు. పోనీ కత్తి కూడా ఇవ్వండమ్మా అని మొహమాటానికి అడిగారు గాని, ఆమె దాన్ని అప్పటికే సంచిలో వేసుకుంది.

వాళ్ళు వెళ్ళాక బాబాయిగారు నన్ను కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. "సూసిందంత చెప్పొద్దు బిడ్డా. ఇయ్యాల మంచిగైంది. అన్నిసార్లు గాదు" అన్నారు, అంతే. నాకు ఆ రోజంతా అన్నం సహించలేదు. ఒక మనిషి ఇరవై ముప్పై ఏళ్ళు దాచుకున్న సంగతిని నేను గోటితో గీరి బయటికి తీశాను.

రెండు వారాల తర్వాత ఆమె మళ్ళీ వచ్చింది. బల్కంపేటలో బోనాలు, ఇంటికి భోజనానికి రమ్మని మా ఇద్దరినీ పిలిచింది. వెళ్ళాం. గుడి దారంతా వాన, వేపాకులు, డప్పులు, తల మీద బోనాలతో ఆడవాళ్ళు. తడిసిన పసుపు రోడ్డు మీద కాలవ కట్టింది. నిద్రలో నడుస్తున్నట్టు ఆ జనంలో నడిచాం. బాబాయిగారు కళ్ళు కనిపించక నా భుజం పట్టుకున్నారు.

ఆమె ఇల్లు రెండు గదులు. మనవరాలు నా పక్కన కూర్చుని అడగకుండానే చెప్పింది: "మా తాత మిలిటరీల వంట మాస్టరు. మంచుల సుత వేడి వేడి పప్పు పెట్టేటోడు. తుపాకులున్నోళ్ళు గూడ ఫస్ట్ ఆయనకే సలాం కొట్టేటోళ్ళు." ఆమె వడ్డిస్తూ నావైపు చూసి కన్ను గీటింది. ఆ సలాం ముక్క ఆమె కల్పించిందేనని నాకు అర్థమైంది. మూడుసార్లు వడ్డించుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు వాన పెద్దదై, ఒక మూసిన దుకాణం అరుగు మీద ఆగాం. బాబాయిగారు జేబు రుమాలుతో తల తుడుచుకున్నారు.

"నేను పదిహేడేండ్లు స్టోర్ల చేసిన బిడ్డా" అన్నారు. "కంబళ్ళు లెక్కవెట్టి ఇచ్చుడు, లెక్కవెట్టి తీస్కునుడు. బార్డర్ ఎట్లుంటదో ఫోటోలల్లనే సూసిన. దుకాణంకు వచ్చేటోళ్ళు ఏమేమో అనుకుంటరు. నేను అవును అనలే, కాదనలే."

"కంబళ్ళు లేకపోతే ఆ మంచులో ఎలా పడుకుంటారండీ?" అన్నాను.

ఆయన నవ్వి, తడిసిన జేబు రుమాలు పిండుకున్నారు. దసరా దాటాక నాకు ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం దొరికింది. అదే నెలలో ఆయన కంటి ఆపరేషన్ అయింది. పట్టీ విప్పిన రోజు నన్ను మొదటిసారి సరిగ్గా చూసి, "నువ్వు గింత చిన్నపిల్లవా!" అన్నారు.