నూనె మరక ఉన్న కార్డు

కుంకుడుకాయ నురుగు వాసన తగిలితే అందరికీ చిన్ననాటి తలంట్లు గుర్తొస్తాయి. నాకు మాత్రం మెదడు తరంగాలను కాగితం మీద గీసే యంత్రం గుర్తొస్తుంది. మొన్న ఆదివారం పక్కింటావిడ పెరట్లో కుంకుళ్లు పిసుకుతుంటే ఆ వాసన గోడ దాటి వచ్చింది. కాఫీ గ్లాసు చేతిలో అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఎనభైల మొదట్లో జగ్గయ్యపేటలో ఒక ఎండాకాలం, ఆసుపత్రి వెనక ఒక చిన్న గది, ఆ గదిని కన్నబిడ్డలా చూసుకున్న డాక్టర్ సుగుణ గారు, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చాయి.

సుగుణ గారు మూర్ఛ జబ్బు మీద పరిశోధన చేసేవారు. పట్నంలో మంచి ఉద్యోగం వదులుకుని పేటకు వచ్చారు. ఎందుకని ఎవరైనా అడిగితే, "రోగులు ఇక్కడుంటే నేనక్కడ కూర్చుని ఏం పరిశోధించనండీ?" అనేవారు. నేను అప్పుడే బీఎస్సీ పూర్తి చేసి, నందిగామ నుంచి రోజూ బస్సులో వచ్చి ఆవిడ దగ్గర ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేసేదాన్ని. మూడేళ్లపాటు ఆవిడ రాసిన అర్జీలు ఫలించి, హైదరాబాదులోని ఒక కాలేజీ మెదడు తరంగాలు గీసే తమ పాత ఈఈజీ యంత్రాన్ని మాకు ఇస్తామంది. అయితే ఒక మెలిక పెట్టింది. మద్రాసు నుంచి వచ్చే ఇంజనీరు ఒక్కరోజులో యంత్రం బిగించి, నిజమైన రోగి మీద శుభ్రమైన గీతలు తీయాలి. అలా రాకపోతే, గది పనికిరాదని ఆయన రాసి ఇస్తాడు, యంత్రం వచ్చిన లారీలోనే వెనక్కి వెళ్లిపోతుంది.

ఆ నెల రోజులు మేము పడిన హడావిడి పెళ్లివారింట్లో కూడా ఉండదు. గదిలోని మందుల పెట్టెలు బయట వేయించి, వెల్ల వేయించాం. ట్యూబులైటు పీకించి మామూలు బల్బు పెట్టించాం. అంత ఎండల్లోనూ ఫ్యాను తీసేయించారు ఆవిడ. "మెదడులో పుట్టే కరెంటు చీమ నడకంత, విజయా. పక్కన ట్యూబులైటు గుయ్యిమంటుంటే చీమ అడుగులు మనకేం వినపడతయ్యి?" అన్నారు. గది వెనక నిలువెత్తు గొయ్యి తవ్వించి, రాగి పలక దింపి, దాని మీద ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు వేయించారు. పనికిరాని కరెంటంతా భూమిలోకి దిగిపోవడానికి అది దారి. గొయ్యి తడారకూడదు కాబట్టి రోజూ నీళ్లు పోయాలి. నేను గేటు దాటగానే నమస్కారానికి బదులు, "గొయ్యికి నీళ్లు పోశావా?" అనేవారు. ఆవిడ తలలో ఆ గొయ్యి తప్ప మరేమీ ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం వెళ్లేసరికి ఆవిడ రోగి మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడ్డాను.

"నువ్వూ పడుకుని చూడమ్మా. ఏం కనపడతంది?"

"దూలం కనపడతందండీ. దాని మీద బల్లి."

"అదే. అది టిక్కుమంటే రోగి ఉలిక్కిపడతాడు, గీతలన్నీ చెదిరిపోతయ్యి. నిలబడి చూస్తే మనకి యంత్రమే కనపడుద్ది. ఇక్కడ పడుకుంటేనే గది కనపడేది."

ఆ సాయంత్రం మేమిద్దరం చీపుళ్లు పుచ్చుకుని బల్లిని తరిమిన తరుముడు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

మొదటి రికార్డింగుకి గరికపాడు నుంచి నాగమణి అనే పన్నెండేళ్ల పిల్లను ఎంచుకున్నారు. బడిలో రెండుసార్లు మూర్ఛ వచ్చి పడిపోతే, గాలి సోకిందని ఊళ్లో పుకారు పుట్టింది. మిగతా పిల్లలు భయపడుతున్నారని బడికి రావద్దన్నారు. వాళ్లమ్మకు కార్డు రాసే పని నాకు అప్పగించారు సుగుణ గారు. ఎన్నింటికి రావాలో, ఏం తినిపించాలో ఆవిడ చెప్పినవన్నీ గుండ్రటి అక్షరాలతో రాశాను. నా పెంపకం ఊరుకోనిచ్చిందా! పెద్ద డాక్టరు దగ్గరకు ఆడపిల్ల రేగిన జుట్టుతో వస్తే బాగుండదని, చివర ఒక ముక్క నేనే చేర్చాను: 'తలకు బాగా నూనె రాసి, జడలు వేసి తీసుకురండి.' ఆవిడ హడావిడిలో సంతకం పెట్టేశారు.

ఆ రోజు రానే వచ్చింది. ఇంజనీరు తెల్లవారకముందే దిగి, పదకొండు గంటలకల్లా యంత్రాన్ని సిద్ధం చేశాడు. సాయంత్రం ఐదింటి బస్సుకి ఆయన వెళ్లిపోవాలి. మధ్యాహ్నం రెండింటికి వాళ్లమ్మతో నాగమణి వచ్చింది. జడల నుంచి ఆముదం మెడ మీదికి కారుతోంది. తలకు అంటించాల్సిన చిన్న వెండి బిళ్లలు అంటించినవి అంటించినట్టే జారిపోయాయి. యంత్రంలోని ఎనిమిది కలాలూ కాగితం మీద పిచ్చిగా ఎగిరాయి.

"ఇదేం తలండీ? నూనె ఉంటే ఒక్క గీతా రాదు. ఈ మాత్రం తెలియని చోట యంత్రమెందుకు?" అన్నాడు ఇంజనీరు.

"నూనె రాయమని ఎవరు చెప్పారమ్మా?" అని అడిగారు సుగుణ గారు.

"మీరే రాసిన్రు గదమ్మా," అంటూ వాళ్లమ్మ కొంగుముడి విప్పి, నూనె చేత్తోనే కార్డు అందించింది.

నా మొహం ఆముదం తాగినట్టయింది. భూమి చీలితే ఆ ఉప్పు గొయ్యిలోనే దూకేద్దామనిపించింది. మూడేళ్ల ఆవిడ కష్టం నా ఒక్క ముక్కతో మట్టిలో కలిసిపోతోంది. "నేనేనండీ, నేనే రాశా," అన్నాను.

ఆవిడ కార్డు చదివి, పకపకా నవ్వారు. "రాసింది నువ్వే, చూడకుండా సంతకం పెట్టింది నేను. ఏడవడానికి ఐదింటి తర్వాత బోలెడంత టైముంది. ఆసుపత్రి వంటింట్లో కుంకుడుకాయలు ఉన్నయ్యేమో చూడు, పరిగెత్తు!"

ఆసుపత్రి పెరట్లో పీట వేసి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, నాగమణి తల తానే రుద్దారు ఆవిడ. నేను నీళ్లు పోశాను. వాళ్లమ్మ, "మీరు చేస్తరా అమ్మా, నాకియ్యున్రి," అని మొత్తుకుంటున్నా వినలేదు. మూడుసార్లు రుద్ది, మూడుసార్లు కడిగాం. ఇక ఆరబెట్టడం ఎలాగని చూస్తే, ఏడాదంతా మేము తిట్టిపోసే పేట ఎండ ఆ రోజు మా పక్షాన నిలిచింది. వసారా అంచున కూర్చోబెట్టి ఇద్దరం విసనకర్రలతో విసిరాం. అరగంటలో ఆ జుట్టు పట్టుకుచ్చులా ఆరిపోయింది. విసుక్కుంటున్న ఇంజనీరు కూడా చివరికి ఒక విసనకర్ర అందుకున్నాడు.

మూడున్నరకు బిళ్లలు అతుక్కున్నాయి. "కళ్లు మూసుకో తల్లీ," అన్నారు సుగుణ గారు. కలాలు ఒక్క క్షణం తడబడి, తర్వాత సన్నగా, వరసగా అలలు గీయడం మొదలుపెట్టాయి. ఒక మనిషి తలలోపలి సంగతి నా కళ్లెదుట కాగితమై పరుచుకుంటోంది! మధ్యలో హఠాత్తుగా మూడు వాడి కొనలు లేచాయి. సుగుణ గారు వాళ్లమ్మను దగ్గరకు పిలిచి అక్కడ వేలు పెట్టారు.

"ఇదిగోనమ్మా మీ అమ్మాయి జబ్బు. గాలీ ధూళీ అయితే కాగితం మీద పడదు. ఇది జబ్బే. దీనికి మందుంది."

ఆ తల్లి కాగితాన్ని కళ్లకద్దుకుంది. ఇంజనీరు 'గది యోగ్యం' అని రాసి, ఐదింటి బస్సుకి పరిగెత్తాడు. మందులు పడ్డాక మూర్ఛలు తగ్గాయి. బడి తెరిచినప్పుడు సుగుణ గారు ఆ కాగితం తీసుకుని తానే వెళ్లి మాట్లాడారు. నాగమణిని మళ్లీ చేర్చుకున్నారు.

మర్నాడు ఆవిడ నా కార్డును యంత్రం పైన గోడకు అంటించారు. సిగ్గుతో చచ్చిపోయాను. దగ్గరకెళ్లి చూస్తే అడుగున ఎర్ర సిరాతో 'తప్పు' అని రాసి, దాని కింద రెండు పేర్లు రాశారు. ముందు ఆవిడది, తర్వాత నాది.

కొన్నాళ్లకు సుగుణ గారు పేట నుంచి వెళ్లిపోతూ ఆ కార్డు నాకిచ్చారు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు ఎన్నో ఊళ్లలో ఈఈజీ గదులు సిద్ధం చేశాను. ప్రతి గదిలోనూ ముందు రోగి మంచం మీద నేనే పడుకుని చూశాను. నా కింద పనిచేసే పిల్లలెవరైనా తప్పు చేసి బిక్కమొహంతో వస్తే, నాగమణి తల్లి వేలి నూనె మరక ఉన్న ఆ కార్డు చూపించేదాన్ని. తర్వాత వాళ్లు రాసుకొచ్చిన సంజాయిషీ తీసుకుని, వాళ్ల పేరుకు పైన నా పేరు రాసేదాన్ని.