మబ్బు అటే పోతోంది

ఇందాక మెట్టుగూడలో మబ్బు పట్టగానే నా రూమ్మేట్లు మిర్చి బజ్జీల మీద గంభీర చర్చ షురూ చేశారు. నేను ఊళ్లో వ్యవసాయం చేసే బాపుకు ఫోన్ కొట్టాను.

"వడ్లు కప్పినవా బాపూ?"

"ఈడ ఎండ కొడ్తుంది బిడ్డా. తేమ ఎక్కువుందని సర్కారు సెంటర్ల కొంటలేరు. గిప్పుడే పరదాలు తీసి రోడ్డు మీద ఆరబోసిన. మబ్బు ఎటు పోతుంది?"

"మన ఊరి దిక్కే."

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తట్లేదు. యాసంగి పంటంతా ఆ రోడ్డు మీదే ఉంది, తడిస్తే మొలకెత్తుతుంది. బీటెక్ చదివి వాతావరణ శాఖ బాధ్యతలు నాకు నేనే స్వీకరించి ఫోన్లో రాడార్ మ్యాప్ తెరిచాను.

మల్కాజ్‌గిరి, ఘట్‌కేసర్ ప్రజలారా, మా ఊరికి పోయే మబ్బు దారిలో ఉన్నది మీరే, మీ బట్టలు తడిస్తే క్షమించండి. వాన మొత్తం మీ దగ్గరే కురిసిపోయిందని ఎవరైనా కామెంట్ పెట్టండి.