తోయకూడని కారు

బంగారుపాళ్యం మెకానిక్కు చెంగల్రాయుడు ఏ కారు దగ్గరకు వచ్చినా, పక్కన నిలబడ్డ ఆసామిని వదిలేసి కారునే పలకరిస్తాడు: "ఏమ్మా, ఏమయింది నీకు?" కిరసనాయిలు వాసన పోని ఆ వేళ్లు బానెట్‌ను నిమురుతుంటే చూసేవాళ్లకు నవ్వొస్తుంది.

ఆ రోజు పంకజాక్షి ఇంటి ముందు, పెళ్లయి అత్తారింటికి బయలుదేరిన కూతురూ అల్లుడూ ఎక్కిన బాడుగ కారు కదల్లేదు. ముందునుంచి ఇంజను తిప్పే హ్యాండిల్‌ను డ్రైవరు చిత్తూరులోనే మరిచాడు. కుర్రాళ్లు తోయబోతే పంకజాక్షి అడ్డం నిలబడింది. "నా బిడ్డను వాకిట్లోంచి తోసేస్తారా? ఎవురూ సెయ్యి ఎయ్యొద్దు!" రాహుకాలం ముంచుకొస్తోందని మగపెళ్లివారు గోల పెట్టారు. కబురందుకుని వచ్చిన చెంగల్రాయుడు కారు దీపాలు వెలిగించి, డ్రైవరుతో స్టార్టరు నొక్కించాడు. వెలుగు రవ్వంత కూడా తగ్గలేదు. "బ్యాటరీ బంగారం. స్టార్టరు మోటారే కరెంటు తాగడంలే" అంటూ కారు కిందికి దూరాడు. మోటారు ఊడదీసి చూస్తే లోపల కరెంటు అందించే బ్రష్షులు అరిగిపోయి ఉన్నాయి. తన కొట్టంలో విప్పి పెట్టిన అదే రకం కారు మోటారు తెచ్చి బిగించాడు. ఈసారి నొక్కగానే కారు గర్జించింది. జనం ఈలలు వేశారు. కారు మలుపు తిరగ్గానే పంకజాక్షి బావురుమంది. "ఇంత బిరీన బాగుసేస్తావా అబ్బా? ఇంకా రోంతసేపు నా బిడ్డ ఈడే ఉండేది గదా!"

"ముందే సెప్పకూడదా అక్కా! బోల్టొకటి పారేసుకోని ఎతుకుతా కూసోనుందునే!"

కొంగు నోట్లో కుక్కుకుని ఆమె ఏడుస్తూనే నవ్వింది.