డబ్బా మాత్రం మిగిలింది

మనిషికి చెవులిచ్చి, ఆ చెవులకు చాలినన్ని పాటలిచ్చిన దేవునికి స్తోత్రం. ఇచ్చినదాన్ని తీసుకునే హక్కూ ఆయనదే. ఈ రెండో మాట అనడానికి నాకు ఇప్పటికీ నోరు సరిగా రాదు. అయినా అంటున్నాను.

మొన్న ఆదివారం నిజామాబాదులో ఆరాధన ముగిశాక, మా పాటల బృందంలోని అమ్మాయి తన ఫోను తెచ్చి నా చెవి దగ్గర పెట్టింది. మా కాలపు సినిమా పాటను ఎవరో కొత్తగా పాడి, వెనక టేపు తిరుగుతున్న చప్పుడు కావాలని కలిపారట. "ఆంటీ, మీ చిన్నప్పటి లెక్క అనిపిస్తుందా?" అని అడిగింది. ఇసుక జారుతున్నట్టు సన్నటి గరగర. దానితోపాటే కాలుతున్న ప్లాస్టిక్ వాసన వచ్చింది. అక్కడ ఏదీ కాలడం లేదు.

జకరయ్య మామ నాకు రక్తసంబంధి కాదు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ తోవలో, చెరుకు బండ్లు వరుసకట్టి నిలబడే చోట ఆయన క్యాసెట్ల దుకాణం ఉండేది. దాని వెనక సందులోనే మా ఇల్లు. ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళు బండ్లవాళ్ళు తమ వంతు వచ్చేదాకా ఆ దుకాణం ముందు కూర్చుని పాటలు వినేవారు. వారమంతా సినిమా పాటలు అమ్మే మామ ఆదివారం మా సంఘంలో పిల్లలకు కీర్తనలు నేర్పేవాడు. నాకు పాడటం వచ్చిందంటే ఆయన వల్లే. "మాట మింగకు బిడ్డా. పాట పాడుతున్నవా, చెరుకు నములుతున్నవా?" అని గద్దించేవాడు. సినిమా పాటలోనూ మాట ఎట్లా విడిగా వినపడుతుందో వినిపించి, అట్లాగే దేవుని పాట పాడమనేవాడు. మంచి పాట ఎక్కడున్నా అది దేవుడిచ్చిన గొంతే అని ఆయన నమ్మకం.

ఒకసారి కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వ్యవసాయం చేసుకునే రైతు ఒకాయన పెళ్ళికని క్యాసెట్లో పాటలు ఎక్కించుకోవడానికి వచ్చాడు. "జకరయ్య గారూ, ఒక్క ఏడుపు పాట కూడా ఉండకూడదండీ. శుభకార్యం కదా."

"ఏడుపు పాట లేకుంటే పిల్లను ఎట్ల సాగనంపుతరు సార్? నవ్వుకుంట పంపుతరా?"

ఆ రైతు తల గోక్కున్నాడు. "సరేలెండి, చివర్లో ఒకటి పెట్టండి. మా ఆవిడకు చెప్పకండి."

మామ భార్య రూతమ్మ అత్తది ఎంత మంచి గొంతో, సంఘంలో అంత సిగ్గు. నలుగురిలో లేచి పాడేది కాదు. ఒక కోత పండుగ ముందు సాయంత్రం, దుకాణంలో కూర్చుని చింతపండు గింజ తీస్తూ తనలో తాను కీర్తన పాడుకుంటోంది. రికార్డు చేద్దామంటే మామకు ఖాళీ క్యాసెట్ దొరకలేదు. అప్పట్లో సినిమా క్యాసెట్ పైఅంచున ఉండే గుంటల్లో కాగితపు ఉండలు కుక్కితే దాని మీదే మళ్ళీ రికార్డు చేయొచ్చు. ఆయన అదే చేశాడు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను.

సంగతి తెలిశాక అత్త ఆ సినిమా క్యాసెట్ డబ్బా చూసి నెత్తి కొట్టుకుంది. "ఆ పొట్టి బట్టల పిల్ల బొమ్మ మీద నా కీర్తననా? సంఘపోళ్ళు సూస్తే ఏమంటరు?"

"పిల్ల మారుమనసు పొందిందంటరు."

"నవ్వకు. నా పేరు మాత్రం రాయకు."

ఆయన పేరు రాయలేదు. క్యాసెట్ మీద ఏ గుర్తూ పెట్టలేదు. డబ్బా మూలన పెన్నుతో చిన్న సిలువ గీసి ఊరుకున్నాడు. మరుసటి ఏడే కామెర్లతో అత్త పోయింది. ఆమె గొంతు ఆ ఒక్క క్యాసెట్లోనే మిగిలింది. ప్రతి ఆదివారం ఆరాధన తర్వాత దుకాణం షట్టరు సగం దించి ఆయన అది వినేవాడు. అన్నం తిన్నదీ లేనిదీ అడిగేవాళ్ళు లేరు గనుక, మా అమ్మ నాతో గిన్నె పంపేది. నేనూ వింటూ కూర్చునేదాన్ని.

ఆ తర్వాత మా సంఘంలో ఉజ్జీవ కూటాలు, భక్తిని మళ్ళీ రగిలించే సభలు, జరిగాయి. బయటి ఊరి నుంచి వచ్చిన బోధకుడు బైబిల్లోని యెఫెసు పట్టణస్థులు తమ మంత్రాల పుస్తకాలు తెచ్చి అందరి ముందు కాల్చిన సంగతి చెప్పాడు. లోకసంబంధమైనవి ఇంట్లో ఉంచుకుని పరలోకం ఎట్లా అడుగుతారన్నాడు. మామ ఏడ్చాడు. సినిమా క్యాసెట్లన్నీ కాల్చేస్తానని ఉపవాసం పట్టాడు. కాల్చాలనుకున్న వాటిని చివరిసారి వినాలనుకోవడమంటే లోతు భార్య వెనక్కి తిరిగి చూసి ఉప్పు స్తంభమైనట్టేనని బోధకుడు అన్నందుకు, ఆ రోజే టేపు రికార్డరు యంత్రం వైరు పీకేశాడు. కూటాలు ముగిసేదాకా మళ్ళీ పెట్టలేదు.

గోనె సంచుల్లో క్యాసెట్లు నింపుతుంటే నేనూ సాయం చేశాను. సిలువ గీసిన డబ్బాను ఆయన అంగీ జేబులో పెట్టుకుని, పైనుంచి తట్టి, "గిదొక్కటి దేవునిదే. గిది నాకాడుంటది" అన్నాడు. తెరిచి వినలేదు. వింటే, కీర్తనకు ముందు మిగిలిపోయిన సినిమా పాట ముక్క చెవిన పడి ఉపవాసం చెడుతుందని భయం.

మా సంఘం గుడి ఆవరణలో మంట లేచింది. జనం స్తోత్రమన్నారు. టేపులు మెలికలు తిరిగి నల్లగా కరిగాయి.

కూటాలు ముగిశాక వచ్చిన ఆదివారం నేను అన్నం గిన్నెతో వెళ్ళేసరికి ఖాళీ అరల మధ్య యంత్రం పాడుతోంది. సినిమా పాట. మామ నేల మీద కూర్చున్నాడు. అదే సినిమాది దుకాణంలో ఇంకో క్యాసెట్ ఉండేది. కూటాలకు ముందు వారంలో అది ఎవరికో వినిపించి తిరిగి పెట్టేటప్పుడు ఒకదాని డబ్బాలోకి ఇంకొకటి చేరింది. అత్త గొంతు మంటలో పోయింది. ఆయన కాపాడుకున్నది డబ్బాను.



మా సంఘం పాస్టరు అయ్యగారు వచ్చి ఓదార్చబోయారు. "దేవుడు అడిగితే అబ్రాహాము కన్నకొడుకు ఇస్సాకునే ఇయ్యనీకి ఒప్పుకున్నడు, జకరయ్యా."

"అబ్రాహాముకు కొడుకు బదులు పొట్టేలు దొరికింది అయ్యగారూ" అన్నాడు మామ. కోపంగా కాదు. 

ఆయన సంఘం విడవలేదు. వెనక బెంచీలో కూర్చునేవాడు. కీర్తన మొదలైతే పుస్తకం తెరిచి పట్టుకునేవాడు, పెదవి కదిపేవాడు కాదు. ఒకనాడు ఉండబట్టలేక అడిగాను: "మామా, గిట్ల దేవుడు అడిగిండా?"

"అడగలే బిడ్డా. నేనే ఇచ్చిన. ఇచ్చినంక సూస్కున్న, ఏమిచ్చిన్నో."

ఫ్యాక్టరీ మూతపడింది. మామ పోయి కూడా చాలా కాలమైంది. ఆ రోజు మంటలో వేసిన సినిమా పాటలన్నీ ఇప్పుడు ఫోన్‌లో ఉన్నాయి. పాపమని కాల్చినవి ఒక్కటీ తప్పకుండా తిరిగి వచ్చాయి, మునుపటికన్నా శుభ్రంగా. తిరిగి రానిది ఆ కీర్తన ఒక్కటే. దాన్ని విన్నవాళ్ళలో ఇక నేనే ఉన్నాను. నాకు పదాలు గుర్తున్నాయి, రాగం గుర్తుంది. గొంతు మాత్రం గుర్తు రావడం లేదు. కళ్ళు మూసుకుని వెతికితే నా గొంతే వినపడుతుంది.

ప్రతి ఆదివారం సంఘంతో కలిసి విశ్వాస ప్రమాణం చెబుతాను. మట్టిలో కలిసిన శరీరం లేస్తుందన్న చోట ఆగిపోతాను. లేస్తుందనే నా నమ్మకం. కానీ గాలిలో కలిసిన గొంతు సంగతి ఏ వాక్యంలోనూ నాకు దొరకలేదు. చదువుతున్న మీరు రూతమ్మ అత్తను ఎరగరు. అయినా నాతో కలిసి ఒక్క మాట ప్రార్థించండి: ప్రభువా, అది నీ చెవిలోనైనా ఉందా?