నేను తీయించిన వరుస

మా స్కూలు పత్రికలో ఆ ఒక్క వరుసను తీయించింది నేనే. ఎడిటర్‌గా ఉన్న పదో తరగతి అమ్మాయి కాదు. ఈ రెండు ముక్కలు చెప్పడానికి నాకు ఐదు నెలలు పట్టింది. ఇప్పుడు చెప్పేశాను కాబట్టి ఇదంతా తీరిగ్గా రాయగలుగుతున్నాను.

నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో మాది చిన్న హైస్కూలు. తొమ్మిది మంది టీచర్లం. నేను తెలుగు చెబుతాను. పోయిన జూన్‌లో పిల్లలతో నెలకో పత్రిక తెద్దామని ఆరుగురిని పోగు చేశాను. బాగా రాసేవాళ్ల కంటే బాగా ప్రశ్నలు అడిగేవాళ్లనే ఎంచుకున్నాను. అందరికంటే ఎక్కువ అడిగే అమ్మాయిని ఎడిటర్‌ను చేశాను.

ఒక నియమం కూడా పెట్టాను. రాసిన ప్రతి పేజీ క్లాసులో తాడుకు బట్టల క్లిప్పులతో ఒక రోజంతా వేలాడాలి. ఆరుగురూ చదివి కింద పెన్సిలుతో టిక్కు పెట్టాలి. ఆ తర్వాత ఒక్క అక్షరం కూడా ఎవరూ మార్చకూడదు. టిక్కులు పడిన పేజీలను ఎడిటర్, నేను అబిడ్స్‌లో పోస్టాఫీసు వెనక ఉన్న డీటీపీ షాపుకు తీసుకెళ్లేవాళ్లం.

సెప్టెంబరులో మూడో సంచికకు, పిల్లలను గేటు దగ్గర వారం రోజులు నిలబడి ఆలస్యంగా వచ్చేవాళ్లను లెక్క రాయమన్నాను.

"పిల్లలదేనా సార్, టీచర్లది గూడ రాయాల్నా?" అని అడిగింది ఎడిటర్.

"ఎవరైతే ఏంటమ్మా, ఆలస్యం ఆలస్యమే" అన్నాను. అని, మురిసిపోయాను కూడా.

శనివారానికి పేజీ తాడెక్కింది. పేర్లు లేవు, సబ్జెక్టులే ఉన్నాయి. తొమ్మిది మంది ఉన్నచోట సబ్జెక్టు చెబితే పేరు చెప్పినట్టే. లెక్కల సార్ రెండు రోజులు. సైన్స్ టీచర్ ఒక రోజు. తెలుగు సార్ నాలుగు రోజులు. హిమాయత్‌నగర్ నుంచి బస్సు దొరకలేదనే సాకు నా జేబులో ఎప్పుడూ ఉండేది.

ఆటల వార్తలు రాసే తొమ్మిదో తరగతి పిల్లవాడు చదివి, "సార్, మీరే ఫస్టొచ్చిన్రు!" అన్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను. ఆరు టిక్కులూ పడ్డాయి.

షాపులో అదే వరుసను కంప్యూటర్ తెర మీద చూసేసరికి నాకు నవ్వు రాలేదు. ఇది ఇంటింటికీ పోతుంది కదా అనిపించింది. ఆ వరుస తీసేయమని ఆపరేటర్‌తో చెప్పాను.

"తాడు మీద ఉండె గద సార్" అంది అమ్మాయి మెల్లగా.

"జాగా సరిపోవట్లేదమ్మా" అన్నాను. ఖాళీ అయిన చోట ఆపరేటర్ ఒక పువ్వు బొమ్మ పెట్టాడు.

పత్రిక వచ్చిన రోజు స్టాఫ్ రూములో లెక్కల సార్ అందుకున్నాడు. "మా అందరి బండారం బైటపెట్టింది మీ ఎడిటర్ పిల్ల. తన తెలుగు సార్‌ను మాత్రం కడుపుల దాసుకున్నది. ఏం ప్రేమ సార్ గిది!" నేను టీ తాగుతూ కూర్చున్నాను.

హెడ్‌మిస్ట్రెస్ మేడం ఎడిటర్‌నూ నన్నూ పిలిచింది. ఆ అమ్మాయిని అడిగింది: "తెలుగు సార్ ఎన్నింటికొస్తరో నాకు తెల్వదా? ఆయనది ఎందుకు రాయలే?"

అమ్మాయి నా వైపు చూడలేదు. "జాగా సరిపోలేదు మేడం" అంది.

"జాగా లేదు గని, పువ్వు పెట్టనీకి ఉన్నదా?"

నేను గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాను. పక్షపాతం ఉన్న పిల్ల ఎడిటర్‌గా వద్దు, వేరేవాళ్లను పెట్టుకోండి అంది మేడం. "సరే మేడం" అన్నాను. ఆ గదిలో నేను మాట్లాడింది అదొక్కటే.

మిగిలిన ఐదుగురు పిల్లల దగ్గర ఆమెకు ఇంకా కష్టమైంది. వాళ్లు ఆ వరుసను తాడు మీద కళ్లారా చూసి టిక్కు పెట్టారు. తర్వాత పేజీ ఉన్నది ఆమె చేతిలోనే. నా మీద ఎవరికీ అనుమానం రాలేదు, నియమం పెట్టినవాణ్ని కదా. "సార్‌కు మస్కా కొట్టినవ్ గదక్కా" అన్నాడు ఆటల పిల్లవాడు. ఆ తర్వాత ఆమె పత్రిక పనికి రాలేదు. తెలుగు క్లాసులో ముందు బెంచీలోనే కూర్చునేది. ప్రశ్నలు మాత్రం మానేసింది.

ఫిబ్రవరిలో, పదో తరగతి వాళ్ల వీడ్కోలు సంచికకు ఎవరెవరి చేత రాయించాలో జాబితా వేస్తున్నాం. నేను ఆ అమ్మాయి పేరు చెప్పాను. కొత్త ఎడిటర్ తల అడ్డంగా ఊపింది. "అక్కది వద్దు సార్. ఉన్నది ఉన్నట్టు రాయది."

నెల రోజుల్లో ఆమె ఈ పేరు మోసుకుని స్కూలు దాటిపోతుంది. ఇక ఆగలేకపోయాను. మర్నాడు పొద్దున్నే మేడం గదికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను.

మేడం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "గిది అప్పుడే చెప్తే ఏం పోయేది సార్?"

"పరువు పోతుందనుకున్నాను."

"మరి ఇప్పుడన్న టైముకొస్తున్నరా?"

"వస్తున్నాను మేడం."

ఆమెకు నవ్వు వచ్చింది. నాకూ వచ్చింది. సెప్టెంబరు నుంచి ఆ గదిలో కుర్చీ అంచునే కూర్చుంటున్న నేను, అప్పుడు వెనక్కి ఆనుకున్నాను. "ఆ పిల్లకు మాత్రం నేను చెప్ప. మీరే చెప్పాలె. అందరి ముంగట చెప్పాలె" అంది మేడం.

లంచ్ తర్వాత ఐదుగురినీ కూర్చోబెట్టి, ఆ అమ్మాయిని కూడా పిలిపించాను. ఆమె తలుపు దగ్గరే నిలబడింది. నేనూ లేచి నిలబడ్డాను.

"ఆ వరుస తీయించింది నేను. జాగా ఉంది. నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చానని అందరూ చదువుతారని సిగ్గుపడి తీయించాను. తాడు మీద ఉంది కదా అని అప్పుడే చెప్పింది మీ అక్క. మేడం ముందు నన్ను కాపాడింది. నేను ఆమెను కాపాడలేదు. ఇన్నాళ్లూ మీరు అనుమానించవలసింది నన్ను." తలుపు దగ్గరున్న ఆమె వైపు తిరిగాను. "తప్పు నాది, శిక్ష నీకు పడనిచ్చాను. నన్ను క్షమించమ్మా."