అబూబకర్ సాబ్ బ్లేడు కర్రలూ, అడగని సలహాలూ

అబూబకర్ సాబ్‌కు మోచేయి నొప్పి ఉందన్న సంగతి ఆయన ఇంట్లో తెలియడానికి ముందే మా గోల్ఫ్ మైదానంలో తెలిసిపోయింది. బంతిని కొట్టగానే కర్రను వదిలేసి చేతిని కడుపుకు అదుముకున్నాడు. పక్కన మేం నలుగురం ఉన్నాం. ఒక్కరైనా ముందుగా "ఎక్కడ నొప్పి?" అని అడగవలసింది. అందరం ఆయన చేతిని వదిలి, కింద పడ్డ కర్రను చూశాం.

"చెప్తనే ఉన్న భాయ్, గా పాతినుము పారెయ్యుమని," అన్నాడు అమరేందర్.

ఇక అక్కడి నుంచి మొదలైంది.

చదువరులకు కొంత వివరం అవసరం. నందికొండలో గోల్ఫ్ ఆడుతారంటే నల్గొండలోనే చాలామంది నమ్మరు. డ్యాం ఇంజనీర్ల కాలంలో గుట్ట వారన చదును చేసిన జాగా అది. గడ్డి పేరుకు కూడా లేదు, అంతా మొరం, ఎర్ర కంకరమట్టి. బంతి కింద పరుచుకోవడానికి తలా ఒక పచ్చచాప ముక్క వెంట తెచ్చుకుంటాం. బంతి పడవలసిన గుంట చుట్టూ వాడిన ఇంజన్ ఆయిల్ కలిపిన ఇసుకను పరిచి, గోనెసంచితో లాగి నున్నగా చేసుకుంటాం. ఆడేవాళ్లం ఎక్కువగా పింఛనుదారులం. ఏటా ఒకసారి హైదరాబాదు జట్టుతో మ్యాచి కూడా ఆడుతాం. మా ఈ చిన్న సంఘానికి కార్యదర్శిని నేను. తీర్మానాల కాగితాలన్నీ తేదీల వారీగా నా దగ్గర ఉన్నాయి. వాటిని ఇంతవరకు ఎవరూ చదవలేదన్నది వేరే విషయం.

అబూబకర్ సాబ్ డ్యాం వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. ఇంజనీర్ల క్లబ్బు మూతపడి సామాను వేలం వేసినప్పుడు జనం కుర్చీల కోసం, ఫ్రిజ్ కోసం పోటీ పడ్డారు. ఆయన ఒక సంచిని పాడుకున్నాడు. వేలం ప్రకటనలో దాని గురించి "ఇనుప కర్రలు, పాతవి, సంచితో సహా" అని మాత్రమే ఉంది. అవి మెత్తని ఉక్కును కాల్చి, సమ్మెట దెబ్బతో సాగదీసి చేసినవి. వీపు చదునుగా, అంచు సన్నగా ఉంటుంది కనుక బ్లేడు కర్రలంటారు. సరిగ్గా నడిమధ్యన బంతి తగిలితే వాటంత హాయి మరొకటి లేదు. వేలెడు పక్కకు తగిలిందా, దెబ్బ మణికట్టు మీదుగా భుజం దాకా పోతుంది, బంతి దారిలోనే కూలబడుతుంది. ఇప్పుడొచ్చే కర్రలు పోతపోసినవి. వీపు గుల్లగా, బరువంతా అంచుల మీద ఉంటుంది. అటూ ఇటూ తగిలినా బంతి ఎంతో కొంత దూరం పోతుంది.

"మధ్యల తాకితే చేతికి తెల్వనే తెల్వది సార్. కొట్టిన్నా లేదా అని బంతి దిక్కు చూడాలె," అనేవాడు అబూబకర్ సాబ్. ఆ ఒక్క ముక్క తప్ప తన కర్రల గురించి ఆయన ఎప్పుడూ ఉపన్యాసం ఇవ్వలేదు. ఉపన్యాసాలన్నీ తక్కినవారివే.

అమరేందర్‌ది నల్గొండలో సిమెంటు ఏజెన్సీ. మాలో చిన్నవాడు, ప్రతి ఆదివారం కారులో వస్తాడు. ఫోనులో వీడియోలు చూసి అభిప్రాయాలను తాజాగా మోసుకొస్తాడు. "దునియాల ఎవ్వడు ఆడ్తలేడు భాయ్ గీ బ్లేడ్లు. పెద్ద పెద్దోళ్లే ఇడిశిపెట్టిన్రు," అంటాడు. పచ్చిక బయళ్ల మీద ఆడే ఇరవై ఏళ్ల పిల్లల కోసం చెప్పిన మాటలను మొరం మీద ఆడే అరవై ఆరేళ్ల మనిషికి అప్పగించడంలో ఆయనకు ఏ ఇబ్బందీ కనిపించలేదు.

గుర్వయ్య గారు రిటైర్డ్ అసిస్టెంట్ ఇంజనీరు. ఆయనది దీనికి నేరుగా ఎదురు వాదం. "బ్లేడుతోని ఆడేటోడే ఆటగాడు. నొప్పి అంటవా, తప్పు కొడ్తున్నవని అది చెప్తాంది, నేర్చుకో!" అంటాడు. ఈ మాట అంటున్నప్పుడు ఆయన భుజాన ఉన్న సంచిలోని కర్రలన్నీ గుల్లవీపువే. అదేమిటని ఒకసారి అడిగాను. "నా నడుము సంగతి వేరే," అన్నాడు.

మూడోవాడు లింగస్వామి. డ్యాం గేట్ల సెక్షన్‌లో జీవితమంతా గడిపినవాడు, అబూబకర్ సాబ్‌కు పాత దోస్తు. "పాతది మంచిదే, కొత్తది మంచిదే. పాతదాన్నే జర కొత్తగ చేస్తె అయిపాయె," అన్నాడు. మూడింటిలో ప్రమాదకరమైన అభిప్రాయం ఇదేనని నేను అప్పుడే గుర్తించవలసింది.

ఒకనాటి సాయంత్రం అబూబకర్ సాబ్ భార్య షంషాద్ మా ఇంటికొచ్చింది.

"అన్నా, దవాఖానల డాక్టరు ఏం జెప్పిండో ఆయన ఇంట్ల చెప్తలేడు. ఆట బంద్ చెయ్యుమన్నడా?"

"నాకూ చెప్పలేదమ్మా. బంద్ చేస్తే చెయ్యనియ్యి, చెయ్యికి ఆరాం దొరుకుతది గదా."

"చెయ్యికి దొరుకుతది. మనిషికి?" అంది. "రిటైరైన కొత్తల ఏం జేసేటోడో మీకు యాదికి లేదా? పొద్దున లేస్తె వర్క్‌షాపు గేటు కాడ పోయి కూసునేటోడు. వాచ్‌మన్ పాపం కుర్చీ ఏసేటోడు. మంది నవ్వుతున్నరని నాకు సిగ్గు గాలె అన్నా, భయమైంది. గీ ఆట దొరికినంకనే ఆ గేటు మర్శిండు."

విషయం కర్ర గురించి కాదని ఆ రోజు నాకు అర్థమైంది. మైదానంలో మరెవరికీ అర్థం కాలేదు, కాబోదు కూడా. మనిషి బాధలో ఉన్నాడంటే మనవాళ్లకు అది తమ తీర్పు చెప్పుకునే సందర్భం మాత్రమే.

తర్వాతి వారం అబూబకర్ సాబ్ చెల్లెలి బిడ్డ పెళ్లికని దంపతులిద్దరూ కొత్తకోట వెళ్లారు. ఆయన సంచి మా సంఘం గదిలో ఉంది.

ఇక్కడ మా ఊరి జబ్బు ఒకటి చెప్పాలి. నందికొండ, డ్యాం కోసం పుట్టిన ఊరు. ఇంటింటికీ ఒక ఫిట్టరో, వెల్డరో, వాళ్ల కొడుకో ఉంటాడు. ఇనుముతో చేసిన ఏ వస్తువునూ ఉన్నదున్నట్టుగా ఉండనివ్వరు. సైకిల్ కొంటే క్యారియర్‌కు పట్టీ వేస్తారు. మంచం కొంటే కాళ్లకు బద్దె వేస్తారు. వేసినదాకా చేతులు ఊరుకోవు.

లింగస్వామి ఆ సంచిలోంచి సెవెన్ ఐరన్ అనే కర్రను తీశాడు. అబూబకర్ సాబ్ ఎక్కువగా వాడేది అదే. పైలాన్ కాలనీలో దుర్గయ్య వెల్డింగ్ దుకాణానికి తీసుకుపోయాడు. బరువు అంచుల మీద ఎలా ఉండాలో అమరేందర్ ఫోనులో బొమ్మ చూపించాడు. వద్దని వాదించవలసిన గుర్వయ్య గారు కూడా వెంట వెళ్లి, పట్టీ మందం ఎంత ఉండాలో సెలవిచ్చాడు. ఆ ముగ్గురూ ఏకాభిప్రాయానికి రావడం నా కార్యదర్శిత్వంలో అదే మొదటిసారి. బ్లేడు వీపుకు చుట్టూతా ఇనుప పట్టీ అతికించారు. తళతళలాడే పూత మాడి నీలం, నలుపు మచ్చలు తేలాయి. బంతికి తగిలే ముఖం ఒక పక్కకు ఒరిగింది.

అబూబకర్ సాబ్ తిరిగొచ్చిన ఆదివారం లింగస్వామి ఆ కర్రను కొత్త తువ్వాలలో చుట్టి తెచ్చి చేతికిచ్చాడు. ఆయన తువ్వాల విప్పాడు. కర్ర మెడను రెండు వేళ్ల మీద నిలిపి బరువు చూశాడు. బొటనవేలితో ఆ అతుకును తడిమాడు.

"ఎవరు జేసిన్రు?"

"అందరం గల్సి జేసినం రా! డ్యాం గేట్లకే పట్టీలేసినోన్ని, గీ కర్ర ఒక లెక్కనా?"

"నొప్పి నాదొక్కనిది గదా లింగన్నా. మీరు అందరెట్లయితిరి?"

"గట్లంటవేంది భాయ్," అన్నాడు అమరేందర్. "నీ మంచికే గదా. ఒక్కటి కొట్టి చూడు."

"మంది మాటలు విని మారుమనువు పోతె మళ్లొచ్చేసరికి ఇల్లు గుల్లయిందట. నేను మారుమనువు గూడ పోలె, పెండ్లికి పోయొచ్చిన, గంతే!" అన్నాడాయన. నవ్వినవాళ్లు నవ్వారు. అయినా మర్యాద వదలని మనిషి. దోస్తు ముఖం చూసి చాప ముక్క పరిచాడు, ఒక్కసారి ఊపాడు. ముందుకు బరువెక్కిన కర్ర చేతిలో తిరిగిపోయింది. బంతి ముళ్లపొదల్లోకి దూకింది. ఆయన మోచేయి పట్టుకుని కూర్చుండిపోయాడు.

"భుజం తిప్పలే నువ్వు," అన్నాడు గుర్వయ్య గారు.

ఆ తర్వాత అబూబకర్ సాబ్ మైదానానికి రాలేదు. వారాలు గడిచాయి. రాలేదన్న బాధ కంటే ఎందుకు రాలేదన్న చర్చే అక్కడ ఎక్కువగా సాగింది. కోపమని ఒకరు, అహంకారమని ఒకరు, కొత్త కర్రలు కొనడానికి పిసినారితనమని మరొకరు. తట్టుకోలేక నేను లేచి నిలబడి, "అయ్యా, మీలో ఒక్కరైనా ఆయన ఇంటికి పోయి చూశారా?" అని అడిగాను. "పోతె ఏమనుకుంటడో అని..." అన్నాడు లింగస్వామి. కర్రను కాల్చేటప్పుడు రాని సంకోచం పలకరించేటప్పుడు వచ్చింది!

నేనే వెళ్లాను. ఇంట్లో షంషాద్ ఒక్కతే ఉంది. వర్క్‌షాపు వైపు చెయ్యి చూపింది.

గేటు దగ్గర, వేపచెట్టు నీడలో, ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడాయన. నన్ను చూసి లేవబోయాడు. పక్కనే గట్టు మీద కూర్చున్నాను.

"డాక్టరు నిజంగ ఏం జెప్పిండు సాబ్?"

ఆయన లోపలి షెడ్డు వైపు చూస్తూ చెప్పాడు. "ఆట బంద్ జెయ్యుమనలే సార్. నిండుగ ఊపొద్దన్నడు. సగమే ఊపుమన్నడు."

"మరి ఆడొచ్చు గదా?"

"సగం ఊపితె బంతి సగమే పోతది. హైదరాబాదోళ్లతోని మ్యాచిల నన్నెవరు తీస్కుంటరు? తీస్కోకుంటె పాయె. మందితోనెట్ల? ఒకలు కర్ర మార్చుమంటరు, ఒకలు చెయ్యి మార్చుమంటరు. నొప్పిని ఓర్సుకుంట సార్. కొట్టిన ప్రతి బంతికి తీర్పు ఇనుడు నాతోని గాదు."

నాకు ఒళ్లు మండిపోయింది, ఆయన మీద కాదు. ఒక మనిషికి ప్రాణాధారమైన ఆటను డాక్టరు మాన్పించలేదు, వయసు మాన్పించలేదు. నోళ్లు మాన్పించాయి! అయినా ఆయన మీద కూడా కొంత మండింది. మంది కోసం మానుకోవడం మాత్రం మంది మాట వినడం కాదా? ఆ మాటే అడిగాను.

ఆయన లేచి, కుర్చీని ఎత్తి వాచ్‌మన్ గదికి ఆనించి, "మ్యాచిల నా పేరు కొట్టేయుండ్రి సార్," అన్నాడు.

ఆ ఆదివారం మైదానానికి వచ్చాడు. సంచిలో తక్కిన బ్లేడులున్నాయి. సిక్స్ ఐరన్ తీసి, చేతులు నడుము దాకా మాత్రమే లేపి కొట్టాడు. చప్పుడు చిన్నగా, పొడిగా వచ్చింది. బంతి నేరుగా పోయి, తక్కినవారి బంతులు పడిన చోటుకు సగం దూరంలోనే ఆగింది. ఆయన మోచేయి పట్టుకోలేదు. అమరేందర్ నోరు తెరిచాడు. "భాయ్, గిట్ల సగం ఊపుతోని..."

ఈ ఆటలో గుంటకు ఎవరి బంతి ఎక్కువ దూరంలో ఉంటే వారే ముందు కొట్టాలి. ఎవరైనా కొట్టేటప్పుడు తక్కినవారు నోరు మెదపరాదు. అబూబకర్ సాబ్ బంతి అందరికంటే వెనకే పడింది కనుక వంతు మళ్లీ ఆయనదే. చాప పరిచి, కర్ర పట్టి, తల వంచి నిలబడ్డాడు. అమరేందర్ మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆయన కొట్టాడు. బంతి కొంత పోయింది, అయినా వెనకే. లింగస్వామి దగ్గి, "అరే అబూ, నేనేమంటున్ననంటే..." అని ఎత్తుకునేలోపల ఆయన మళ్లీ బంతి మీద నిలబడ్డాడు.

ఆ పొద్దంతా అలాగే గడిచింది. ఆయనకు అందరికంటే ఎక్కువ దెబ్బలు పట్టాయి. మ్యాచి జట్టులో ఆయన జాగాలోకి అమరేందర్ వచ్చాడు. ఆ నష్టాన్ని నేను చిన్నది చేసి చెప్పబోవడం లేదు. ఆయన ఆ జట్టులో ఎన్నో ఏళ్లు ఆడాడు. చివరి గుంట దగ్గర గుర్వయ్య గారు ఇక ఆపుకోలేక, ఆయన కొట్టబోతుండగానే, "చూడు అబూబకర్, బ్లేడన్నది..." అన్నాడు.

అబూబకర్ సాబ్ తల ఎత్తకుండానే అన్నాడు: "సార్, నా వంతు నడుస్తాంది."