మేస్త్రి పిన్ని పాత ఫోను

అమ్మ గుండెలో కవాటం పాడైందని, ఆపరేషన్ ఆలస్యం చేయొద్దని గుంటూరులో డాక్టరుగారు చెప్పారు. ఆరోగ్య కార్డు మీద ఉచితంగా చేస్తారట. కార్డయితే ఉంది. ఆధార్‌తో సరిచూసుకోకపోవడం వల్ల అది పనిచేయడం లేదు. "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావమ్మా?" అని ఆసుపత్రి వరండాలోనే అరిచాను. నాకు కోపం ముందొస్తుంది, ఏడుపు తర్వాత.

మర్నాడు పొద్దున్నే అమ్మను మా ఊరి సచివాలయానికి తీసుకెళ్లాను. అక్కడి అమ్మాయి ఓపిగ్గా అమ్మ వేళ్లు ఒక్కొక్కటే మిషను మీద పెట్టించింది. చిటికెన వేలిదాకా వచ్చినా ముద్ర పడలేదు. పాతికేళ్లు మిరపకాయలు కోసి, తొడిమలు తీసిన వేళ్లవి. గీతలుంటేగా పడటానికి!

"పోనీ, ఓటీపీ తెప్పిద్దామండీ. ఆధార్‌కిచ్చిన ఫోను తెచ్చారా?" అని అడిగింది.

అమ్మ తల దించుకుంది. "ఆ నంబరు మా మేస్త్రిదమ్మా."

ఆధార్ తీసిన రోజుల్లో అమ్మ వాళ్ల కూలి ముఠాలో ఇరవై మంది ఆడవాళ్లకి ముఠాను నడిపే మేస్త్రి పిన్ని ఒక్కదాని దగ్గరే ఫోనుండేది. ఎవరి చేలో పనుందో కబురు ఆవిడకే వచ్చేది. అందుకని అందరూ వరసలో నిలబడి బుద్ధిగా ఆవిడ నంబరే ఇచ్చొచ్చారు. ఏం తెలివో మా ఆడవాళ్లది!

తీరా ఇప్పుడు వాళ్లిద్దరికీ మాటల్లేవు. మూడేళ్ల కిందట కాయకోతల్లో "రేపట్నుంచి నువ్వు రాబాకు" అని పిన్ని అందరి ముందూ అనేసిందట. అప్పట్నుంచి చర్చిలో కూడా చెరో మూల కూర్చునేవాళ్లు.

"దానికి ఫోను చెయ్యమంటే చస్తే చెయ్యను," అంది అమ్మ.

"చెయ్యకపోతే నిజంగానే చస్తావమ్మా!" అనేసి నాలిక్కరుచుకున్నాను.

నేనే చేశాను. పిన్ని కొత్త ముఠాతో పొదిలి వైపు కోతకు వెళ్లిందట. స్పీకరు పెట్టి సంగతంతా చెప్పాను.

"నాకు అప్పుడే అనుమానమొచ్చిందే," అంది పిన్ని. "మీ అమ్మ సగం సాలు కోసేలోపే ఎగపోసుకుంటా కూలబడేది. ఆసుపత్రికి పోవే అని ఎన్నిసార్లు మొత్తుకున్నా, వినిందా? అందుకే పనికి రాబాకని కేకలేశా. అంత రోషమొచ్చింది మహారాణికి!"

అమ్మ కుర్చీ ఫోనుకి దగ్గరగా జరుపుకుంది.

"ఉండవే, ఆ ఓటీపీ పాత ఫోన్లో పడుద్ది. అన్నం క్యారేజీ సంచిలో ఉంది," అంది పిన్ని. చేనుకి అడ్డంపడి నడుస్తున్న అలికిడి వినపడింది.

"కొత్తదుందిగా పిన్నీ, ఇంకా పాతది మోస్తున్నావా?"

"మానేస్తే ఎట్టా? మీ అమ్మకీ ఆ పాత ముఠావాళ్లకీ ఏ కబురొచ్చినా దానికేగా వచ్చేది! రోజూ చార్జింగు పెట్టి తెచ్చుకుంటన్నా."

ఆవిడ వెతికేలోపు మొదటి ఓటీపీ గడువు దాటిపోయింది. రెండోది పొలం అవతలివాళ్లను కేకేసినట్టు ఒక్కొక్క అంకే చదివింది. సచివాలయం అమ్మాయి ఆ అంకెలు మిషన్లో కొట్టింది. "అయిపోయిందండీ," అంది నవ్వుతూ. నాకు ఏడుపు అప్పుడొచ్చింది.

అమ్మ నా చేతిలో ఫోను లాక్కుంది. మూడేళ్ల తర్వాత ఆవిడతో అన్న మొదటి మాట, "అన్నం తిన్నావటే?"

ఆపరేషన్ బాగా జరిగింది. వార్డులో అమ్మ మంచం పక్కన కూర్చుని పిన్ని బత్తాయి ఒలుస్తోంది. ఇంటికెళ్లగానే ఆధార్‌లో నా నంబరు పెట్టిద్దామన్నాను.

"నువ్వూరుకో," అంది అమ్మ, పిన్ని చేతిలోంచి తొన అందుకుంటూ. "ఆ నంబరు దీని దగ్గరే ఉండనీ. మళ్లీ అలిగామనుకో, మాట్లాడుకోడానికి ఏదో ఒకటి ఉండాలిగా."